ఆదివారం పార్కుకి వెళ్తే సోమవారం దాకా మాటల్లేవు

ప్రశ్న: అక్కా, మాది గుంటూరు. నాకు 39 ఏళ్లు. మా వారికి ఏడాది క్రితం షుగర్ బయటపడింది. డాక్టరు గారు మాత్రలు రాసి, రోజూ నడవమన్నారు. ఆయనకి పట్నం బజారులో చిన్న షాపు. వారమంతా తీరిక ఉండదు. మా ఇంటికి కాస్త దూరంలో చెరువు గట్టు మీద పార్కు ఉంది, చుట్టూ వాకింగ్ ట్రాక్ వేశారు. ఆదివారం సాయంత్రం అందరం కలిసి వెళ్తే ఆయన నడక, పిల్లల ఆట, అత్తయ్య గారికి కాస్త గాలి మార్పు, అన్నీ ఒకేసారి అయిపోతాయని నేనే అన్నాను. ఇప్పుడు ఎందుకన్నానా అని ఏడుస్తున్నాను.

అక్కడికి వెళ్లగానే ఆయన ఫోన్లో 10,000 అడుగులు చూపించేదాకా చెరువు చుట్టూ నడుస్తూనే ఉంటారు. అత్తయ్య గారికి మోకాళ్ల నొప్పులు. సగం రౌండుకే బెంచీ మీద కూర్చుని, 'ఇక్కడ కూర్చోబెట్టడానికేనా నన్ను తీసుకొచ్చింది' అంటారు. బాబుకి పదమూడేళ్లు, వాడు ఫోన్లోంచి తలెత్తడు. పాపకి ఎనిమిదేళ్లు, నీళ్లు కనపడితే చాలు అటే పరుగు. నేను సంచీ, నీళ్ల సీసా, పాప చెప్పులు పట్టుకుని దాని వెనకాల పరుగెత్తుతుంటాను. చివర్లో అందరం బజ్జీలు తింటాం, మా వారితో సహా. మొన్న ఆదివారం నేను అత్తయ్య గారితో మాట్లాడుతుంటే పాప రెయిలింగ్ సందులోంచి దూరి నీళ్ల అంచుదాకా వెళ్లింది. ఎవరో పెద్దాయన చూసి పట్టుకున్నారు. మా వారు అందరి ముందూ నా మీద కేకలు వేశారు. సోమవారం రాత్రి దాకా మాటల్లేవు. మానేద్దామంటే ఆయన ఆరోగ్యం, వెళ్దామంటే నాకు తలనొప్పి. ఏం చేయమంటారు?

ఇంకో చిన్న మాట. మూడు నెలల క్రితం నాకూ వాకింగ్ షూస్ కొనుక్కున్నాను. చీర మీద వేసుకుంటే నవ్వుతారేమోనని ఇంకా డబ్బా కూడా విప్పలేదు.

— ఓ పాఠకురాలు, గుంటూరు

సమాధానం: చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు ఎవరు ఏం చేస్తున్నారో చూశాను. మీ వారు నడుస్తారు, అత్తయ్య గారు కూర్చుంటారు, బాబు ఫోన్ చూస్తాడు, పాప పరుగెత్తుతుంది. మీరు సంచీ పట్టుకుంటారు, సీసా పట్టుకుంటారు, పాపని పట్టుకుంటారు, చివరికి మాట కూడా పడతారు. షూస్ కొన్నది మీరు. ఒక్క రౌండు కూడా నడవనిది మీరే.

మీ వారిని తిట్టడానికి చెప్పడం లేదు. ఆయన నడవాలి, అది ఆయనకి మందు. కానీ మందుని, సరదాని ఒకే మూటలో కట్టారు మీరు. డాక్టరు రోజుకొక మాత్ర వేసుకోమంటే ఏడు మాత్రలూ ఆదివారం సాయంత్రం ఒక్కసారే మింగుతారా ఎవరైనా? నడక విషయంలో మీ ఇంట్లో జరుగుతున్నది అదే. నడిచినప్పుడు కండరాలు రక్తంలో చక్కెరని బాగా వాడుకుంటాయి. ఆ గుణం ఒకటి రెండు రోజులు ఉంటుంది, తర్వాత తగ్గిపోతుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లు వరసగా రెండు రోజులకి మించి నడక మానొద్దంటారు. ఆదివారం పదివేల అడుగులు వేసి మళ్లీ ఆదివారం దాకా షాపులో కుర్చీకి అతుక్కుపోతే బుధవారానికల్లా కథ మొదటికొస్తుంది.

ఆ పదివేల సంగతి కూడా చెప్తాను. ఆ అంకె గట్టి పరిశోధనతో తేల్చి చెప్పింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటరు ఒకటి అమ్మకానికి పెట్టింది. దాని పేరు 'మాన్‌పో-కేయ్', అంటే పదివేల అడుగుల మీటరు. వినడానికి బాగుందని పెట్టిన పేరు అరవై ఏళ్లు తిరిగి మీ వారి ఫోన్లోకొచ్చి కూర్చుంది. నడిస్తే మంచిదే, నష్టం లేదు. కానీ ఆ అంకె కోసం పెళ్లాం పిల్లల్ని గంటన్నర గాలికొదిలేయాల్సినంత పవిత్రమైనదేం కాదది. పెద్దవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మాదిరి వేగం నడక. అంటే అయిదు రోజులు, రోజుకి అరగంట. ఓ మాదిరి అంటే ఎంత? నిమిషానికి వంద అడుగులకి తక్కువ కాకుండా. పావు నిమిషం లెక్కపెట్టి చూసుకోమనండి, పాతిక అడుగులు పడితే చాలు. ఇంకా తేలిక గుర్తు: నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

ఆ అరగంటకి చెరువు అక్కర్లేదు, ఆదివారమూ అక్కర్లేదు. ఒకేసారి చేయాలనీ లేదు. షాపు మనిషికి బాగా కుదిరే పద్ధతి ఒకటుంది. భోజనం అయ్యాక పది నిమిషాలు. మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక బజారులో నీడ ఉన్న వైపు అటూ ఇటూ తిరగమనండి. రాత్రి అన్నం తిన్నాక మీ వీధి చివరిదాకా వెళ్లి రమ్మనండి. తిన్న తర్వాతే కదా చక్కెర పైకి లేచేది, ఆ సమయంలో నడిస్తే అది మరీ ఎత్తుకి పోకుండా ఉంటుంది. పొద్దున ఇంకో పది నిమిషాలు కలిపితే లెక్క సరిపోయింది. రాత్రి నడకకి మీరూ వెళ్లండి. ఇంటిపని మధ్యలో ఆపైనా సరే. గిన్నెలు ఎక్కడికీ పోవు.

ఆయన వేసుకునే మాత్రల వల్ల నడిచేటప్పుడు చక్కెర మరీ పడిపోయే అవకాశం ఉందా అని డాక్టరు గారిని ఒక్కసారి అడగండి. కొన్ని మాత్రలతో, ఇన్సులిన్‌తో అది ఉంటుంది, కొన్నింటితో పెద్దగా ఉండదు. చేతులు వణకడం, చెమటలు పట్టడం, కళ్లు తిరగడం కనిపిస్తే ఆగి వెంటనే చక్కెర గానీ గ్లూకోజు గానీ నోట్లో వేసుకోవాలి. జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలు ఉంచుకోమనండి, పాపకి కనపడకుండా. ఇంకొకటి. చాలా పార్కుల్లో గులకరాళ్లు పరిచి చెప్పుల్లేకుండా నడవమని ఒక దారి వేస్తున్నారు. మీ వారు దాని జోలికి పోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకి కాళ్లలో స్పర్శ తగ్గినా తెలియదు, చిన్న గాయమైనా మానడానికి నెలలు పట్టొచ్చు. పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవడం అలవాటు చేయండి. ఆయన చూసుకోరని నాకు తెలుసు. అద్దం ముందు మీసం చూసుకునే టైములో నాలుగోవంతు చాలు దానికి.

ఇక ఆదివారం. మందు బాధ్యత మిగతా రోజులకి పోయింది కాబట్టి ఆదివారం తేలికపడింది. అడుగులు లెక్కపెట్టే ఫోన్ ఆ రోజు ఇంట్లో చార్జింగులో ఉంటుంది. ఇది మాత్రం గట్టిగా పట్టుబట్టండి.

పాప సంగతి అన్నిటికంటే ముందు తేలాలి. నాకు జరిగింది చెప్తాను. నా పుట్టిల్లు గుంటూరు, మెట్టినిల్లు విజయవాడ. మా చిన్నవాడికి నాలుగేళ్లప్పుడు కార్తీక మాసంలో ఇంటిల్లిపాదీ కృష్ణ ఒడ్డుకి వెళ్లాం. పెద్దవాళ్లమే ఆరుగురం. ఉసిరిచెట్టు కింద పులిహోర, దద్దోజనం అన్నీ సర్దుతున్నాం. పిల్లాడు నా వెనకాలే ఉన్నాడనుకున్నాను. వాళ్ల నాన్న నా ముందున్నాడనుకున్నాడు. మెట్ల మీద పాచి ఉంది. వాడు కాలు జారి నడుము లోతు నీళ్లలో కూర్చుండిపోయాడు. ఒక్క చప్పుడు లేదు చెల్లెమ్మా. కేక లేదు, నీళ్లు చిమ్మిన శబ్దం లేదు. నోరు తెరుచుకుని, కళ్లు పెద్దవి చేసి, పై మెట్టుని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. పాచి మీద వేళ్లు జారుతున్నాయి. మా ఆడపడుచు గిన్నె కడగడానికి దిగితే కనపడ్డాడు. ఇప్పుడు వాడికి ఇరవై ఆరేళ్లు. ఇప్పటికీ పచ్చటి పాచి చూస్తే నా చేతులు చల్లబడతాయి. నీళ్లలో పడ్డవాళ్లు సినిమాల్లోలాగా చేతులు ఊపి కేకలు వెయ్యరు. ఊపిరికే చాలని నోరు అరవడానికి ఎక్కడొస్తుంది?

ఆ రోజు తప్పు ఎవరిదని మా ఇంట్లో వారం రోజులు తగువు. చివరికి తేలిందేమిటంటే, పిల్లాణ్ణి చూసే పని ఫలానా వాళ్లదని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. పిల్లాడి నీళ్ల సీసా ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే డ్యూటీ. సీసా చేతిలో ఉన్నవాళ్లు ఫోన్ ముట్టుకోకూడదు, కబుర్లలో పడకూడదు, పిల్లాడు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. విసుగొస్తే సీసా ఇంకొకరి చేతిలో పెట్టి 'ఇక నీది' అని నోటితో చెప్పాలి. కింద పెట్టి వెళ్లిపోతే కుదరదు. మీ పాప సీసా ఇప్పటికే మీ చేతిలో ఉంది కదా, మొదటి అరగంట దాన్ని మీ వారి చేతికి ఇవ్వండి. ఆ అరగంట మీరు నడవండి.

పార్కులో పడవలు ఉంటే పాప ఎలాగూ ఎక్కుతానంటుంది. లైఫ్ జాకెట్ ఒంటికి సరిపోయేలా బిగించి కడితేనే. చేత్తో పట్టుకుంటే కాదు, సీటు కింద ఉందంటే కాదు. ఎక్కువమందిని ఎక్కిస్తుంటే టికెట్ డబ్బులు పోయినా దిగిపోండి. 2017 నవంబరులో, కార్తీక మాసం ఆదివారం సాయంత్రం, ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చిన వాకర్స్ క్లబ్ వాళ్లు, వాళ్ల ఇళ్లవాళ్లు. రోజూ పొద్దున్నే కలిసి నడిచే మనుషులు. ఆ వార్త చదివిన రాత్రి మా వీధిలో చాలా ఇళ్లలో నిద్ర లేదు.

అత్తయ్య గారి దగ్గరికి వద్దాం. ఆవిడ మాట మీకు ముల్లులా గుచ్చుకుంది, అర్థమైంది. కానీ ఆవిడ అడిగింది నిజమే కదా? చెట్టంత మనిషిని తీసుకెళ్లి బెంచీ మీద పెట్టి, సంచీ పక్కన పెట్టి, అందరూ తలో దిక్కుకీ పోతే ఎవరైనా అదే అంటారు. మోకాళ్లు అరిగినవాళ్లు అసలు నడవకూడదనేది పాత మాట. చదునైన దారిలో, నెమ్మదిగా, నొప్పి పెరగనంత మేరకి నడిస్తే మోకాలికి మేలే. చుట్టూ ఉన్న కండ బలపడుతుంది. వాపో వేడో ఉంటే మాత్రం ముందు డాక్టరుకి చూపించాలి. రౌండు పూర్తి చేయాలన్న పట్టుదల వద్దు, రౌండు సగంలో నొప్పి వస్తే వెనక్కి రావడానికి ఇంకో సగం ఉంటుంది. ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి. కాసేపు కూర్చోవడం. మళ్లీ ఇంకో బెంచీ. ఆవిడ పక్కన ఒకరు ఉండాలి, ఆ ఒకరు ప్రతిసారీ మీరే కానక్కర్లేదు. కన్నకొడుకు ఉన్నారు.

పల్లెటూళ్లో పుట్టిన మనిషి అయితే ఆవిడకి చెరువు గురించి మీ అందరికంటే ఎక్కువ తెలిసి ఉంటుంది. అడిగి చూడండి. నల్లగా ఉండి రెక్కలు రెండూ చాపి ఆరేసుకుంటున్నట్టు నిలబడేది నీటికాకి. దాని ఈకలు నీళ్లకి తడుస్తాయి, అందుకే మునిగి లేచాక ఎండకి ఆరబెట్టుకుంటుంది. తీగ మీద కూర్చుని బాణంలా నీళ్లలోకి దూకేది లకుముకి పిట్ట. గుర్రపుడెక్క ఆకుల మీద నడిచిపోయేవి నీటికోళ్లు. మా పార్కులో ఒక మామ్మగారు సాయంత్రం పూట మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని నీటికోడి పిల్లల్ని లెక్కపెట్టిస్తుంటారు. నిన్న అయిదు, ఇవాళ నాలుగే ఏంటి అని ఆ పిల్ల బుంగమూతి పెడుతుంది. ఒకటి ఆకు చాటున ఉందిలే, చూడు అంటారావిడ. అలా చూస్తూ అరగంట అక్కడే ఉంటారు. మీ పాపని నీళ్ల అంచుకి పోనివ్వకుండా ఆపడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు. దూరంగా కూర్చుంటేనే పిట్టలు దగ్గరికొస్తాయని వాళ్ల నానమ్మ చేత చెప్పించండి. మీరు చెప్తే వినదు.

చేపలకి మరమరాలు, బ్రెడ్ ముక్కలు వెయ్యనివ్వొద్దు. తినగా మిగిలింది కుళ్లి నీళ్లు పాడవుతాయి. పాపం అనుకుని వేసేదే పాపం అవుతుంది.

చలికాలంలో ఒక ఆదివారం పార్కు మానేసి ఉప్పలపాడు వెళ్లండి. గుంటూరుకి పది కిలోమీటర్ల లోపే. అదీ ఒక ఊరి చెరువే, కానీ ఆ చెరువులోని తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. ఆ గోల, ఆ వాసన, గొంతు సంచిలోంచి పిల్లకి చేప పెట్టే గూడబాతు, ఇవన్నీ మీ బాబు ఫోన్లో చూసినవాటికి పక్కన పెట్టి చూడమనండి. ఫొటోలు తీసే పని వాడికే అప్పగించండి. ఫోన్ వాడి చేతిలోంచి లాక్కోవడం కంటే దానికో పని చెప్పడం సులువు.

బాబు గురించి ఇంకో మాట. పదమూడేళ్ల మగపిల్లాడు ఎదురుగా కూర్చోబెట్టి 'ఏరా, స్కూల్లో ఎలా ఉంది' అంటే 'బానే ఉంది' అంటాడు, అంతే. అదే పక్కపక్కన నడుస్తుంటే, ఇద్దరి చూపూ ముందుకే ఉంటుంది కాబట్టి, నోరు దానంతటదే తెరుచుకుంటుంది. మా పెద్దవాడు తొమ్మిదో తరగతిలో లెక్కల్లో తప్పిన సంగతి వాళ్ల నాన్నకి చెప్పింది ప్రకాశం బ్యారేజీ మీదే. పొడవు 1,223 మీటర్లు, అటు తాడేపల్లి వైపు దిగి మళ్లీ వెనక్కి వస్తే సుమారు రెండున్నర కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు క్రికెట్ మాట్లాడుకున్నారట. తిరుగు దారిలో సగానికి వచ్చాక చెప్పాడట. ఇంటికొచ్చాక మా వారు నాతో అన్నది ఒక్కటే, 'బ్యారేజీ ఇంకో అరకిలోమీటరు ఉంటే అమ్మాయి సంగతి కూడా చెప్పేవాడు.' కాబట్టి మీ వారికి ఆదివారం నడవాలనే ఉంటే బాబుతో రెండు రౌండ్లు నడవమనండి, వాడి వేగంలో.

బజ్జీల దగ్గర నాకు మొహమాటంగా ఉంది. గుంటూరు మనిషిని బజ్జీ మానమని చెప్పే ధైర్యం గుంటూరు ఆడపడుచుకి ఉండదు. అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు వంద, నూట యాభై క్యాలరీలు. నూనెలో వేగిన శెనగపిండి దాన్ని రెండు బజ్జీల్లో తిరిగిచ్చేస్తుంది. ఆయన్ని ఒక్కడినే మానమని, మిగతావాళ్లంతా ఆయన ముందు తినడం కూడా అన్యాయం. ఇంటి నుంచి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు పట్టుకెళ్లండి. ఒక్కొక్కటీ ఒలుచుకుంటూ తింటే అరగంట పడుతుంది. బజ్జీ కావాలంటే నెలకొకసారి, ఒక ప్లేటు, అందరూ కలిసి. పిడత కింద పప్పుకి మాత్రం నేను అడ్డు చెప్పను, చేతిలో పట్టేంతే పెడతారు కాబట్టి.

వేళ సంగతి. ఉగాది దాటాక మన గుంటూరులో సాయంత్రం ఆరింటికి కూడా సిమెంటు నేల సెగ కక్కుతూనే ఉంటుంది. ఆ మూడు నెలలూ ఆదివారం పొద్దున్నే వెళ్లండి, ఏడున్నరకల్లా ఇంటికి వచ్చేయండి, దారిలో ఇడ్లీ తినండి. చెరువు దగ్గర దోమలుంటాయి, పిల్లలకి నిండు చేతుల చొక్కాలు వేయండి.

ఇదంతా మీ వారితో ఎలా చెప్పాలి? పార్కులో చెప్పకండి. ఆదివారం అసలు ఎత్తకండి. గురువారమో శుక్రవారమో రాత్రి భోజనం అయ్యాక వీధిలో నడుస్తారు చూడండి, అప్పుడు చెప్పండి. 'ఆ రోజు మీరు భయపడి కేకలేశారు, నాకు తెలుసు. నేను మీకంటే ముందే భయపడ్డాను. పాపని ఒక్కదాన్నే చూడలేకపోతున్నాను. అరగంట మీరు చూడండి.' ఇంతే. పాత ఆదివారాల చిట్టా విప్పొద్దు. మీకు చాలా ఉంటాయని తెలుసు, నాకూ ఉన్నాయి. మొదటి ఆదివారం ఆయన సీసా ఎక్కడో మర్చిపోతారు. రెండో ఆదివారం పాప వెనకాల రెండుసార్లు పరుగెత్తాక, పావుగంటకే మీ కోసం ట్రాక్ వైపు మెడ చాచి చూస్తుంటారు. అప్పుడు మీరు తొందరపడి వచ్చెయ్యకండి. మీ అరగంట మీరు నడిచి రండి.

చివరగా షూస్. మా పార్కులో పొద్దున ఆరింటికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది చీర మీద షూసే. కుచ్చిళ్లు రెండంగుళాలు పైకి కడతారు, కొంగు నడుముకి దోపుతారు, చకచకా పోతుంటారు. నేనూ అంతే. మొదటి రోజు నన్ను చూసి నవ్విన మనిషి ఒకే ఒక్కరు, మా వారు. రబ్బరు చెప్పులతో వేగంగా నడిస్తే మడమలు లాగుతాయి, తడి నేల మీద జారతారు కూడా. కాటన్ సాక్సులు కొనండి, కొత్త షూస్ కాబట్టి ముందు రెండు మూడు రోజులు ఇంట్లోనే వేసుకుని తిరగండి, వేళ్ల దగ్గర బిగువుగా ఉంటే షాపులో మార్చమని అడగండి. బిల్లు డబ్బాలోనే ఉండి ఉంటుంది. మూడు నెలలైంది కాబట్టి ఏదో ఒకటి అంటారు, అయినా అడగండి.